ప్రతి సోమవారం ఒక తప్పు

మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం

గౌరవనీయులైన మేస్త్రి అన్నయ్యగారికి,

నమస్కారాలు. మా ఆయన మిమ్మల్ని పిలిచే పేరుతోనే నేనూ పిలుస్తున్నాను. నా దస్తూరికీ, నా తప్పులకీ ముందే క్షమాపణ అడుగుతున్నాను. నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత చేతికి పెన్ను కంటే కత్తెరే ఎక్కువ అలవాటైంది. గీతల కాగితం కొని తెచ్చుకున్నా నా అక్షరాలు గీత మీద నిలబడటం లేదు. అర్థం కానిచోట ఇంకోసారి చదవండి, విసుక్కోకండి. చదివాక ఈ ఉత్తరం కాల్చెయ్యండి. ఎవరికీ చెప్పనని మాటిచ్చిన సంగతులు ఇందులో కొన్ని రాస్తున్నాను.

నేనెవరో మీకు వెంటనే తట్టకపోవచ్చు. మీరు మా ఇంటికి వచ్చిన రోజుల్లో తలుపు చాటు నుంచి టీ కప్పులు అందించిన మనిషిని. ఒకసారి మీరు ఆయనతో, పంతులూ, మా చెల్లెమ్మకి మాటలొచ్చా, సైగలేనా అన్నారు. వచ్చు, కాకపోతే పొదుపుగా వాడుతుంది అన్నారు ఆయన. మీరిద్దరూ పగలబడి నవ్వారు. నేనూ లోపల నవ్వుకున్నాను. మీకు వినిపించి ఉండదు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద. కానీ రాయలేను. మీ పంతులు పోయారు. నవంబరు ఏడో తేదీ గురువారం ఉదయం ఆఫీసుకి బయల్దేరుతూ, కుర్చీలో కూర్చుని బూటు లేసు కట్టుకోవడానికి వంగారు. అలాగే ఉండిపోయారు. ఎడమ బూటు కట్టడం అయిపోయింది. కుడిది కాలేదు. గుండె అన్నాడు డాక్టరు. ముప్పై ఐదేళ్ళు ఆయనకి.

ఇంత పెద్ద మాట మెల్లగా చెప్పాలి. ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మొన్న సోమవారం కూడా కంప్యూటరు కోడ్ రాసేవాళ్ళ కోసం ఆయన నడిపే పేజీలో కొత్త చిట్కా వచ్చింది కదా, ఇదేం మాట అని మీరు అనుకుంటారు. అదీ చెబుతాను. ఆయనకు ఏదైనా ముందే సిద్ధం చేసి పెట్టుకోవడం అలవాటు. సెలవు దొరికితే చాలు, రెండు మూడు చిట్కాలు రాసేసి, ఒక్కోదానికి ఒక్కో సోమవారం తేదీ వేసి, ఉదయం తొమ్మిది గంటలు అని పెట్టి ఉంచేవారు. ఆ వేళకి ఎవరూ ముట్టుకోకుండానే అది బయటికొస్తుంది. ఆయన పోయేనాటికి అలాంటివి పదిహేడు ఉన్నాయి.

ఆయన పోయాక మొదటి సోమవారం ఇల్లంతా బంధువులు. తొమ్మిదింటికి అలమరలో ఉన్న నా ఫోను మోగింది. ఆయన పేరుతో కొత్త చిట్కా. ఏ ఫైలునైనా తీసేసే ముందు దాని నకలు ఒకటి దాచుకోండి అని. దాని కింద ఎప్పట్లాగే ‘సొంత పనులు’ అని రెండు వాక్యాలు. బాతు అడిగిన కర్టెన్ల పేజీ దాదాపు అయిపోయింది, కుచ్చుల బటన్ ఒక్కటే పని చెయ్యడం లేదు, వచ్చే వారానికి చేసేస్తాను అని ఉంది. ఆయన దగ్గర్నుంచి వచ్చింది అన్నాను. మా అత్తయ్య, ఏమంటున్నాడే వాడు, పైకి చదువు అన్నారు. చదివాను. ఇంకోసారి చదువు అన్నారు. మళ్ళీ చదివాను. ఆవిడకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. అయినా, అచ్చం వాడు మాట్లాడినట్టే ఉందే అన్నారు.

దాంతో కలిపి పదిహేడు సోమవారాలు అలాగే గడిచాయి. ఎనిమిదిన్నరకే ఆవిడ స్నానం చేసి, తల దువ్వుకుని, ఆయన కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటారు. నేను చదువుతాను. అది అయ్యాక లేచి నా పనికి వెళ్తాను. నాకు ఏడుపు రావడం లేదు అన్నయ్యగారూ. అందరూ నా మొహం వైపే చూస్తారు, వస్తుందేమోనని. కర్టెన్లు కుడుతూ ఒకరోజు అంచు మడిచి కుట్టి, ఆ కుట్టు మీదే మళ్ళీ కుట్టి, మూడోసారి కుడుతుంటే సూది విరిగింది. అప్పుడు చూసుకున్నాను. అంతే. సూది మార్చి ఇంకో గుడ్డ తీసుకున్నాను.

ఆ కర్టెన్ల పేజీ నా కోసమే చేశారు. కిటికీ వెడల్పు, ఎత్తు కొడితే ఎన్ని మీటర్ల గుడ్డ కావాలో చెబుతుంది. కుచ్చుల బటన్ నొక్కితే ఇప్పటికీ ఏమీ రాదు. పని ఉన్నా లేకపోయినా రోజూ ఒకసారి నొక్కి చూస్తాను.

బాతు సంగతి మీకు చెప్పాలి. మీరిద్దరూ కలిసి పని మొదలుపెట్టిన రోజున ఆయనకు పసుపుపచ్చ ప్లాస్టిక్ బాతు ఒకటి ఇచ్చారట. కోడ్ ఎక్కడో చెడి, ఎక్కడ చెడిందో దొరకనప్పుడు, ఆ బాతుని ఎదురుగా పెట్టుకుని మొదటి వరస నుంచి ఏం రాశావో దానికి విడమరిచి చెప్పు, చెబుతుండగానే తప్పు నీకే కనబడుతుంది అని నేర్పింది మీరే అని ఆయన ఎప్పుడూ అనేవారు. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఆయన బాతుకి చెబుతుంటే, నేను పక్కనే మిషను మీద కుడుతున్నాను. ఒకటికి నాలుగుసార్లు అదే చెబుతున్నారు. నాకు భయంగానే ఉంది, అయినా నోరు జారింది. మొదట్లో ముడి వేశారు, చివర వెయ్యడం మర్చిపోయారు కదండీ అన్నాను. ఆయన తెరిచిన బ్రాకెట్ మూయలేదు. అంతసేపు వెతికింది దానికోసమే. నా వైపు చూసి, ఆ ప్లాస్టిక్ బాతుని తీసి అలమర మీద పెట్టేసి, ఇక నీకు రిటైర్మెంటు అని దానికి దండం పెట్టారు.

ఆ రోజు నుంచి ఆయనకు నేనే బాతుని. బాతూ విను అని పిలిచేవారు. నీకు అర్థమైతే లోకంలో అందరికీ అర్థమవుతుంది అనేవారు. నాకు కోపం వచ్చేది కాదు. చిట్కాల్లో ‘మా బాతు చెప్పింది’ అని కుట్టుపనితో పోల్చి రాసినవన్నీ నేను అన్న మాటలే. ఒకే పని పదిచోట్ల చెయ్యాల్సి వస్తే ఒక కొలత అట్టముక్క కత్తిరించుకుని దాన్నే అన్నిటికీ వాడుకోవాలి అన్నదీ, డబ్బాలో ఏ బొత్తాలున్నాయో డబ్బా మీద రాసుకోవాలి, ‘డబ్బా ఒకటి, డబ్బా రెండు’ అని రాస్తే రేపు నీకే తెలియదు అన్నదీ. మీ ఇద్దరికీ మాటలున్న రోజుల్లో వాటి కింద మీరొకసారి, నీ బాతుకి కుట్టుపని కూడా వచ్చా పంతులూ, నాదగ్గర ఉన్నప్పుడు ఈదడం కూడా రాలేదే అని రాశారు. ఆయన నవ్వు ఆపుకోలేక నాకు చూపించారు. మేస్త్రి నిన్నే అంటున్నాడు చూడు అన్నారు.

ఇక మీ ఇద్దరి మధ్య జరిగినదాని గురించి. నాకు తెలిసినంతే రాస్తాను.

మీరిద్దరూ రెండేళ్ళు మా ముందు గదిలో కూర్చుని కట్టిన ‘అరువు గది’ పేజీ నాకు బాగా గుర్తు. ఎవరి ఇంట్లో నిచ్చెన ఉంది, ఎవరి దగ్గర డ్రిల్లు ఉంది, ఎవరు చేతికర్రలు వాడటం మానేశారు అని చుట్టుపక్కల రెండు వందల నలభై ఇళ్ళవాళ్ళు అందులో రాసి పెట్టారు. నా పాత కుట్టుమిషను కూడా అందులో ఉండేది. ఆ శనివారం మధ్యాహ్నం అసలు పేజీలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. నకలు లేదు. ఆ ఉదయం దాని మీద పని చేసింది మీరు. అడగడానికి వచ్చిన ఇరుగుపొరుగు అందరి ముందూ ఆయన మిమ్మల్ని, కట్టిన చేతులతోనే కూల్చావు కదరా మేస్త్రీ అన్నారు. మీరు, నేను ముట్టుకోలేదురా అని ఒక్కసారే అన్నారు. తర్వాత కంప్యూటరు మూత వేసి, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయారు. మీ చార్జరు ఇక్కడే ఉండిపోయింది. తీగ చుట్టి డ్రాయరులో పెట్టాను.

ఆయన మీ నంబరు తీసేశారు. కొన్నాళ్ళకి మీరు వేరే ఊరు వెళ్ళారని విన్నాం. అత్తయ్యకి కోపం ఎక్కువ కదా, అప్పటి నుంచి ఏ వస్తువు పగిలినా, పాలు పొంగినా, ఆ మేస్త్రి చెయ్యి పడినట్టుంది ఇంటి మీద అని తిట్టేవారు. ఆయన విననట్టు లేచి వెళ్ళిపోయేవారు.

నెల దాటాక ఒక సోమవారం చిట్కాలో ఆయన నిజంగానే ఏదో తప్పు రాశారు. దాని కింద ‘మేస్త్రి’ అన్న పేరుతో ఒక్క ముక్క వచ్చింది. నాలుగో వరస చూసుకో అని. అంతే ఉంది. ఆయన దాన్ని పొద్దున చూశారు, ఆఫీసు నుంచి వచ్చి మళ్ళీ చూశారు. దిద్దాను అని జవాబు రాశారు. ఆ వారమంతా ఈల వేస్తూ తిరిగారు.

తర్వాతి చిట్కా నాకు వినిపిస్తుంటే, ఇక్కడ తేడాగా ఉందండీ అన్నాను. తెలుసు, ఉండనీ, అది మేస్త్రికి అన్నారు. అంత పెద్ద మనిషి, సిగ్గు లేకుండా నవ్వారు.

అప్పటి నుంచి ప్రతి సోమవారం ఒక తప్పు. మరీ పెద్దది కాకుండా, ఎవరి పనీ పాడు కాకుండా, మీ కంటికి మాత్రమే ఆనేది వెతికి పెట్టేవారు. మీరు వచ్చి చూపించేవారు. ఆయన దిద్దాను అని రాసేవారు. రెండేళ్ళకు పైగా మీరిద్దరూ మాట్లాడుకున్నది అంతే కదా. అది బయట ఎవరికీ చెప్పొద్దన్నారు. ముఖ్యంగా మీకు. వాడికి తెలిస్తే రావడం మానేస్తాడు అన్నారు. ఉత్తరం కాల్చమన్నది అందుకే.

ఈ నాలుగు నెలలూ మీరు చూపించిన తప్పుల్ని దిద్దేవాళ్ళు లేరు. ఆయన కంప్యూటరు తెరిచే ఉంటుంది. దిద్దడం నాకు చేతనయ్యేదే, మీరు వరస నంబరుతో సహా చెబుతారు కాబట్టి. ఒకసారి దిద్ది, ‘దిద్దాను’ అని టైపు చేశాను కూడా. ఆ మాట ఆయన పేరు పక్కన కనబడింది. వెంటనే తీసేశాను. దిద్దినది కూడా మళ్ళీ చెడగొట్టి, ఆయన ఉంచినట్టే ఉంచాను.

మొన్న సోమవారం మీరు రాసింది అత్తయ్యకి చదవలేదు. నేనొక్కదాన్నే చదువుకున్నాను. పదిహేడు వారాలుగా చెబుతున్నాను, ఒక్కటీ దిద్దలేదు, నామీద కోపముంటే నామీద చూపించు, చదివేవాళ్ళేం చేశారు, ఇదే ఆఖరు, ఇక ఈ గుమ్మం తొక్కను అని రాశారు. ఆయన పర్సులో నాలుగు మడతలు పెట్టిన కాగితం మీద మీ చిరునామా ఉంది. ఎప్పుడు కనుక్కున్నారో నాకు చెప్పలేదు. మడతల దగ్గర కాగితం చిరిగిపోయింది. అందుకని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన మీమీద అలిగి ఊరుకోలేదు అన్నయ్యగారూ. లేరు, అంతే.

పదిహేడూ అయిపోయాయి. రేపు తొమ్మిదింటికి ఏమీ రాదు. అత్తయ్యకి ఎలా చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

తేదీ వేసి ఉంచిన చిట్కాల్లో ఇంకొకటి ఉంది కానీ దాన్ని లెక్కలో వెయ్యలేదు. అది ఏడాదికి పైగా ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన టీ తాగుతూ, బాతూ, ఆ చివరిదాన్ని ఒక వారం ముందుకు తోసెయ్ అనేవారు. నేను దాని తేదీ మీద నొక్కి, తర్వాతి సోమవారం పెట్టేదాన్ని. ఆయన పోయిన మూడో రోజు ఆదివారం. అంతమంది మధ్య నుంచి లేచి వెళ్ళి, తేదీ తోసి, వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఆ తర్వాత కూడా ఏ ఆదివారం మానలేదు. అది అరువు గది గురించి. అందులో ఏముందో నాకు తెలుసు. మీకు చెప్పాలా వద్దా అని ఇందాకటి నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఎవరికీ చెప్పనని ఆయనకు మాటిచ్చాను. పోయిన మనిషికి ఇచ్చిన మాట ఎలా తప్పాలో నాకు తెలియదు. అందుకని ఇక్కడితో ఆపేస్తున్నాను.

చార్జరు కావాలంటే పోస్టులో పంపిస్తాను. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ చెల్లెలిలాంటి
బాతు

తా.క. కవరు అంటించబోతుంటే అత్తయ్య వచ్చారు. ఇంతసేపు ఏం రాస్తున్నావే, మీ ఆయన లాగా నువ్వూ చిట్కాలు మొదలుపెట్టావా అన్నారు. ఉత్తరం అన్నాను. ఎవరికి అన్నారు. మీ పేరు చెప్పాను. ఆవిడ మొహం మాడ్చుకుని, చదువు అన్నారు. కాదనలేకపోయాను. మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాను. చిట్కాల్లో బాతు అంటే నేనే అని ఆవిడకి కూడా ఇవాళే తెలిసింది. చివరికొచ్చేసరికి, ఆ తోసినదాంట్లో ఏముందో అదీ చదువు అన్నారు. వద్దులే అత్తయ్యా అన్నాను. నా కొడుకు రాసింది నాకు వద్దంటావేంటే అన్నారు.

కంప్యూటరు తెరిచి చదివాను. మీకూ అదే రాస్తున్నాను.

అరువు గదిని తుడిచింది మీరు కాదు. ఆయన.

కోడ్ రాసేవాళ్ళు కొత్తది ఏదైనా ముందు ప్రాక్టీసు పేజీ మీద చేసి చూస్తారని మీకు తెలిసిందే. ఆ మధ్యాహ్నం ఆయన స్క్రీన్ మీద రెండు నల్ల కిటికీలు పక్కపక్కన తెరిచి ఉన్నాయి, ఒకటి ప్రాక్టీసుది, ఒకటి అసలుది. ప్రాక్టీసు పేజీ ఖాళీ చెయ్యబోయి, ఆ తుడిచే వరసని అసలు కిటికీలో కొట్టారు. కొట్టినట్టు ఆయనకే తెలియదు. నిజంగా మీరే చేశారనుకున్నారు. అది మాత్రం అబద్ధం కాదు, నమ్మండి. ఏడాది దాటాక, ఇంకేదో వెతుకుతూ ఆయన కంప్యూటరులో తను అంతకుముందు కొట్టిన వరసలన్నీ గంటా నిమిషంతో సహా ఉన్న జాబితా తెరిచారు. బాతూ విను అని చదవడం మొదలుపెట్టారు. ఆ శనివారం తేదీ, మూడు గంటల పది నిమిషాలు, ఈ కంప్యూటరు నుంచే అని చదివి ఆగిపోయారు. నాకు చప్పున అర్థమైంది. అంటే మీరే కదండీ అన్నాను. నేను అనకుండా ఉంటే ఆయన ఇంకో నాలుగుసార్లు చదివి తనే తెలుసుకునేవారు. అనేశాను. ఆయన ఆ జాబితా మూసేసి, ఎవరికీ చెప్పకు, నేనే చెప్తాను అన్నారు.

మర్నాడు రాశారు. అసలుదానికీ ప్రాక్టీసుదానికీ కిటికీలు ఒకే రంగులో ఉంచుకోకండి, అసలుదానికి ఎరుపు పెట్టుకోండి, నేను పెట్టుకోలేదు అని మొదలవుతుంది. ఆ వారంలో మేస్త్రి మూడుసార్లు నకలు తీద్దాం అన్నాడు, మూడుసార్లూ రేపు అన్నది నేను అని ఉంది. తప్పు నాది, నింద వాడిది అని ఉంది. ఆ ఆదివారం ఒక వారం తొయ్యమన్నారు. ముందు వాడి ఇంటికెళ్ళి మొహం చూసి చెప్తాను, తర్వాత ఇది రావాలి అన్నారు. ప్రతి ఆదివారం అదే మాట.

చదవడం అయ్యాక అత్తయ్య స్టూలు నా దగ్గరికి జరుపుకున్నారు. అయితే ఇన్నాళ్ళూ నేను తిట్టింది ఎవరినే అన్నారు. ఆవిడే మళ్ళీ, ముందు ఆ అబ్బాయికి చెప్పు, తర్వాతే లోకానికి అన్నారు. లేచి వెళ్ళి డ్రాయరులోంచి మీ చార్జరు తీసి, చీర చెంగుతో తుడిచి నా ముందు పెట్టారు. ఉత్తరంతో పాటు పంపుతున్నాను.

ఆయన తప్పు ఆయనది. ఆయన పోయాక తోసిన ఆదివారాలు మాత్రం నావి. ఆయన చెప్పలేదు, నేనే తోశాను. మీరు ప్రతి వారం వచ్చి తప్పు చూపించి వెళ్తుంటే, చూస్తూ తోశాను. ఆదివారం వస్తే చెయ్యి తనంతట తనే వెళ్ళేది.

ఇవాళ ఇంకొక్కసారి తోశాను, ఈ ఉత్తరం ముందు మీకు చేరాలని. 17వ తేదీ సోమవారం ఉదయం తొమ్మిదింటికి అది బయటికొస్తుంది. ఇక ముట్టుకోను. అందులో మీ కోసం ఏ తప్పూ దాచలేదు. అప్పుడు ఆయన చదివినప్పుడు విన్నాను, ఇవాళ నేనే చదివాను, ఎక్కడా తేడా కనబడలేదు. మీరు దిద్దడానికి ఏమీ ఉండదు. అయినా ఆ రోజు ఒకసారి రండి. కింద ఏదైనా రాయండి, తిట్టయినా సరే. అత్తయ్యా నేనూ చూస్తూ ఉంటాం.

మొదట్లో ఈ ఉత్తరం కాల్చెయ్యమన్నాను. కాల్చకండి. మీరు తుడవలేదని రాసి ఉన్న కాగితం ఒకటి మీ దగ్గర ఉండాలి.